బండద్దాన్ని పొడిచే పిట్ట, దొడ్లో కుబుసం, చిన్నోడి ప్రాజెక్టు

ప్రశ్న: అక్కా, నమస్తే. దసరా అయ్యాక విజయనగరం నుంచి పర్లాకిమిడి వచ్చేశాం, మా ఆయనకి ఇక్కడికి ట్రాన్స్‌ఫర్ అయింది. ఊరి చివర అద్దిల్లు, వెనక దొడ్డి, అందులో ఒక మునగ, కరివేపాకు, ఓ మూల పాత ఇటుకలూ కట్టెలూ. గోడ అవతల ఖాళీ జాగాలో పెద్ద బూరుగు చెట్టు, ఆకు ఒక్కటి లేదు. మా చిన్నోడు నాలుగో క్లాసు. వసంతం వస్తోందని తెలిసే గుర్తులు ఇంటి చుట్టుపక్కల చూసి రాయమని స్కూల్లో ప్రాజెక్టు ఇచ్చారు. నెట్‌లో కొడితే మంచు కరగడం, ట్యూలిప్ పూలూ వస్తున్నాయి, మన దగ్గర అవెక్కడివి? ఎక్కడికైనా తీసుకెళ్ళి చూపించాలా? ఇంకో గొడవ ఏంటంటే, వారం నుంచి ఒక చిన్న నల్ల పిట్ట, ముక్కు వంకరగా ఉంటుంది, తెల్లారేసరికి మా స్కూటీ అద్దం మీద వాలి టకటకా పొడుస్తోంది, తోలితే మళ్ళీ వస్తోంది. మా అత్తగారు అపశకునం, బండి అమ్మేయమంటున్నారు. మొన్న ఇటుకల దగ్గర పాము కుబుసం కూడా దొరికింది. అప్పట్నుంచి చిన్నోణ్ణి దొడ్లోకి పంపడానికి భయంగా ఉంది. ఏం చెయ్యమంటావు?
— పర్లాకిమిడి నుంచి ఒక చెల్లి

సమాధానం: చెల్లెమ్మా, నువ్వు రాసింది రెండుసార్లు చదివాను, చదివి నవ్వుకున్నాను కూడా, ఏమీ అనుకోకు. చిన్నోడి ప్రాజెక్టుకి కావలసిన సరుకంతా నీ ఉత్తరంలోనే ఉంది మరి. అద్దం పిట్ట, ఆకు లేని బూరుగు, కుబుసం, ఈ మూడూ మాఘమాసం గుర్తులే. నువ్వు వాటిని కష్టాల లిస్టులో వేశావు, వాడి చేత నోట్‌బుక్కులో వేయించు, అంతే తేడా.

ముందు పిట్ట సంగతి తేల్చేద్దాం, ఇంట్లో అత్తగారితో రోజూ మాట పడుతున్నావు కాబట్టి. నువ్వు చెప్పిన పోలికల్ని బట్టి అది తేనెపిట్ట, అందులోనూ మగది. ఇదే పిట్టని మీరొచ్చిన కొత్తలో చూసుంటే గుర్తుపట్టేదానివి కాదు. చలికాలంలో మగదానికి కూడా ఆడదానిలాగే మాసిన పసుపు రంగే ఉంటుంది, కాకపోతే గొంతు దగ్గర్నుంచి పొట్ట దాకా నల్లటి గీత ఒకటి నిలువునా కనిపిస్తుంది. సంక్రాంతి దాటిందగ్గర్నుంచీ పాత ఈకలు రాలిపోయి కొత్తవి వస్తాయి, దూరం నుంచి చూస్తే ఉత్త నలుపు, ఎండ పడిందా నీలం ఊదా కలిసి మెరుస్తుంది. ఆ రంగు రాగానే దానికి ఒక జాగా కావాలి, ఒక జంట కావాలి, ఆ జాగాలో ఇంకో మగ పిట్ట కనిపిస్తే ఊరుకోదు. మీ బండి అద్దంలో దానికి కనపడేది ఆ ఇంకో మగ పిట్టే. ఇది పొడిస్తే అదీ పొడుస్తుంది, ఇది పారిపోదు, అదీ పారిపోదు, మరి పాపం దీనికి పిచ్చెక్కక ఏమవుతుంది? కొంచెం ఎడంగా నిలబడి చూడమను చిన్నోణ్ణి. అద్దం అంచు పట్టుకుని పొడిచి పొడిచి ఆగి, రెక్కలు కొంచెం పైకెత్తుతుంది చూడు, అప్పుడు సంకల కింద పసుపూ నారింజా కలిసిన చిన్న కుచ్చులు కనపడతాయి, మామూలప్పుడు అవి బయటికి రావు. ఒక్కోసారి అద్దం వెనక్కి కూడా వెళ్ళి చూసొస్తుంది శత్రువు ఎక్కడ దాక్కున్నాడా అని.

చెయ్యాల్సింది చాలా చిన్న పని. సాయంత్రం బండి పెట్టగానే అద్దాలకి పాత సాక్సో గుడ్డ సంచో తొడిగెయ్, పొద్దున్న బయల్దేరేటప్పుడు తీసెయ్. శత్రువు కనపడకపోతే దాని పని అది చూసుకుంటుంది. తొడగకపోతే బండికేమీ కాదుగానీ ఆ పిట్ట తిండీ తిప్పలూ మానేసి గంటలు గంటలు దానికే పోరాడుతుంది, దాని టైమ్ వేస్టు. ఇక శకునం అంటావా, అత్తగారితో వాదన పెట్టుకోకు, మన పెద్దోళ్ళు వాదిస్తే ఇంకా గట్టిగా పట్టుకుంటారు. దగ్గర్లో గూడు కడుతోంది అత్తమ్మా, పిల్లల్ని పెట్టే పిట్ట ఇంటికి మంచిదే కదా అని చెప్పి చూడు. అది అబద్ధం కూడా కాదు. ఆడ పిట్ట ఈ రోజుల్లోనే సాలెగూటి దారం, ఎండుగడ్డి, చెట్టు బెరడు ముక్కలూ పోగేసి వేలాడే గూడు కడుతుంది. బట్టలారేసే తీగకో, కాగితాల పూల కొమ్మకో, ఒక్కోసారి వరండాలో కరెంటు వైరుకో కూడా వేలాడదీస్తుంది. చూస్తే చెత్త చిక్కుకుని వేలాడుతోందనుకుంటాం, చీపురు పెట్టి దులిపేస్తాం. అందుకే ఈ రెండు నెలలూ బూజు దులిపే ముందు ఒకసారి చూసి దులుపు. పక్కన చిన్న కన్నం, దాని మీద చిన్న చూరు లాంటిది ఉంటే అది గూడే. కనపడిందా, ఆ తీగ మీద బట్టలు ఆరెయ్యకు. గుడ్లు రెండు పెడుతుంది, రెండు వారాలకి పిల్లలొస్తాయి, ఎగిరిపోవడానికి ఇంకో రెండు వారాలు. ఇంటి ఓనరుగారికి కూడా ముందే చెప్పి ఉంచు, లేకపోతే నువ్వు లేనప్పుడు వాళ్ళు దులిపేస్తారు.

ఇప్పుడు ప్రాజెక్టు. మీ టీచరుగారు వసంతం అన్నారు, పంచాంగంలో వసంతం చైత్రం వైశాఖం, అంటే ఉగాది నుంచి. అప్పటిదాకా ఆగితే మీవాడికి రాయడానికి ఎండ తప్ప ఏమీ మిగలదు. మన వైపు అసలు కథంతా మాఘంలోనే మొదలైపోతుంది, ఊరికే అనలేదు మాఘ శుద్ధ పంచమిని వసంత పంచమి అని. మీ చిన్నోడి స్కూల్లో ఆ రోజు సరస్వతీ పూజ చేసుంటారు కదా, ఒడిశాలో చాలా స్కూళ్ళలో చేస్తారు. అక్కణ్ణుంచి తారీఖులు వేసుకుంటూ రమ్మను. రథసప్తమికి ఎండ కాస్త మొహం మారుస్తుంది, శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుంది, ఇవన్నీ మనకి తెలిసినవే, వాటి పక్కన ఆ రోజు దొడ్లో ఏం కనపడిందో వాడు రాసుకుంటే చాలు.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్తాను, వందరకాల పిట్టల పేర్లు నేర్పించాలని చూడకు. పేర్ల వెంటపడితే పిల్లలకి రెండో రోజుకే బోరు కొడుతుంది. మెర్లిన్ అని ఫ్రీ యాప్ ఉంది, పిట్ట కూత వినిపిస్తే పేరు చెప్పేస్తుంది, అది వద్దనను, కానీ పొద్దున్న చూడటం, రాత్రి ఫోన్‌లో పేరు వెతుక్కోవడం, ఈ వరస తప్పనివ్వకు. ముందే ఫోన్ తీస్తే వాడు పిట్టని చూడడు, స్క్రీన్ చూస్తాడు.

నేనైతే ఆ బూరుగు చెట్టు ఒక్కటీ చాలంటాను. గోడ అవతల ఉంది, అద్దె కట్టక్కర్లేదు. ఆకులన్నీ రాల్చేసి మోడులా నిలబడి, ఉత్త కొమ్మల మీద అరచెయ్యంత ఎర్ర పువ్వులు పూస్తుంది, పువ్వు అడుగున నీళ్ళలా పల్చటి తేనె. ఆ తేనె కోసం పొద్దున్న ఏడు నుంచి తొమ్మిది లోపల ఎవరెవరొస్తారో చూడమను. గోరింకలు, కాకులు, పిగిలిపిట్టలు, మన తేనెపిట్ట, ఉడతలు ఎలాగూ వస్తాయి. ఉడతలు పువ్వులో మూతి పెట్టి పుప్పొడి అంతా మీసాలకి పూసుకుని బయటికొస్తాయి. అదృష్టం బాగుంటే గుంపుగా గులాబీ రంగు గోరింకలు దిగుతాయి, ఒళ్ళు గులాబీ, తలా రెక్కలూ నలుపు. అవి మన పిట్టలు కావు, మధ్య ఆసియా వైపు ఎండు మైదానాల్లో గూళ్ళు పెట్టుకునేవి, చలికాలం ఇక్కడ గడిపి ఏప్రిల్ లోపల వెళ్ళిపోతాయి, వెళ్ళేముందు ఈ బూరుగు, మోదుగ పూల మీద పడి బాగా తింటాయి. వసంతం అంటే వచ్చేవాటి గురించే రాస్తారు అందరూ, వెళ్ళిపోయేవి కూడా గుర్తే అని మీవాడు రాస్తే టీచరుగారు మెచ్చుకుంటారు. మహేంద్రతనయ గట్టున తోక ఎగరేస్తూ బుడుబుడు నడిచే తెలుపూ బూడిదా పిట్టలు ఉంటాయి కదా, అవీ అంతే, ఎండ ముదిరితే ఒకరోజు చూస్తే ఉండవు. ఆఖరిసారి ఎప్పుడు చూశాడో ఆ తారీఖు రాయడం కష్టం, ఎందుకంటే అదే ఆఖరిదని ఆ రోజు తెలీదు, రోజూ చూస్తేనే దొరుకుతుంది.

కోయిల గురించి నువ్వు రాయలేదుగానీ వాడు ఎలాగూ రాస్తాడు, అందరు పిల్లలూ రాస్తారు. కోయిల వచ్చింది అని మాత్రం రాయనివ్వకు. చలికాలమంతా అది ఎక్కడికీ పోదు, నోరు మూసుకుని మన చెట్లలోనే ఉంటుంది, ఇప్పుడు నోరు విప్పుతుంది అంతే. కూ అని ఎక్కువ తక్కువలు చేస్తూ కూసేది నల్లటి మగది, కళ్ళు ఎర్రగా ఉంటాయి. ఆడది గోధుమ రంగు, ఒంటినిండా తెల్ల చుక్కలు, అది కిక్ కిక్ కిక్ అని గాభరాగా అరుస్తుంది. చాలామంది దాన్ని ఇంకేదో పిట్ట అనుకుంటారు. కాకులు పుల్లలూ ఇనపతీగ ముక్కలూ ఏరుకెళ్ళడం మొదలెట్టాయా లేదా చూడమను, కోయిలకి ఆ గూళ్ళతోనే పని.

మీ మునగ చెట్టుకి ఎండిపోయిన కొమ్మ ఉంటే ఈ నెల కొట్టించకు. పొద్దుట్నుంచీ ఎక్కడో కంసాలి సుత్తితో కొడుతున్నట్టు టుక్ టుక్ టుక్ అని ఆగకుండా ఒక చప్పుడు వింటూ ఉంటావు చూడు, అది కంసాలి పిట్ట. పిచ్చుకంత ఉంటుంది, ఆకుపచ్చ ఒళ్ళు, నుదురు ఎరుపు, గొంతు పసుపు. ఇంత కనపడే రంగులు పెట్టుకుని కూడా కనపడదు, కూసేటప్పుడు తల అటూ ఇటూ తిప్పుతుంది కాబట్టి చప్పుడు ఎటునుంచి వస్తోందో అర్థం కాదు, నోరు కూడా తెరవదు, గొంతు మాత్రం ఉబ్బుతుంది. అది మునగ లాంటి మెత్తటి చెట్టు ఎండుకొమ్మకి అడుగు వైపు గుండ్రంగా కన్నం తొలుచుకుంటుంది. చెట్టు కింద సన్నటి రంపపు పొట్టు కనపడితే తల పైకెత్తి చూడమను.

కరివేపాకు సంగతి నీకు. కొత్త చిగురు వేసింది కదా ఇప్పుడు, ఆకు కోసేటప్పుడు పిట్టరెట్టలా నలుపూ తెలుపూ కలిసిన చిన్న మచ్చ కనపడితే గోటితో గీకెయ్యకు. అది సీతాకోకచిలుక పురుగు. పిట్టలు తినకుండా అలా రెట్టలా నటిస్తుంది, కొంచెం పెద్దయ్యాక ఆకుపచ్చగా మారిపోతుంది. పుల్లతో మెల్లిగా ముట్టుకుంటే తల వెనకనుంచి రెండు చీలికల కొమ్ము బయటికి తీస్తుంది, ఒకరకం ఘాటు వాసన కొడుతుంది. మీవాడు దాన్ని వదలడు ఇంక. ఓ కొమ్మ దానికి వదిలెయ్, పులుసులోకి మిగతా చెట్టు ఉంది కదా. మందు మాత్రం కొట్టించకు.

ఇలా చూసినవి ఉత్తినే పోకుండా ఉండాలంటే రెండు దారులున్నాయి. సీజన్‌వాచ్ అని మన దేశంలోనే నడుస్తోంది, ఒక చెట్టు ఎంచుకుని వారానికోసారి చిగురు, పువ్వు, కాయ ఎంతుందో నమోదు చెయ్యడమే పని, స్కూలు పిల్లలు చాలామంది చేస్తారు. మీ బూరుగుని అందులో పెట్టేయొచ్చు. రెండోది ఏటా ఫిబ్రవరి మధ్యలో నాలుగు రోజులు ప్రపంచమంతా పెరటి పిట్టల లెక్క తీస్తారు, 2013 నుంచి మన దేశం కూడా ఉంది, కనీసం పదిహేను నిమిషాలు ఒకచోట కూర్చుని కనపడిన పిట్టల్ని లెక్కపెట్టి పంపడం. దొడ్లో కుర్చీ వేసుకుని చెయ్యొచ్చు, టీ తాగుతూ.

సరే, కుబుసం. ఇక్కడ నవ్వులాట లేదు. చలికి కన్నాల్లో ముడుచుకున్న పాములు ఎండ తగిలేసరికి తిరగడం మొదలెడతాయి, నాగుపాములు జతకట్టే రోజులు కూడా ఇవే. ఒళ్ళు గరుకు దేనికైనా రాసుకుని తల దగ్గర్నుంచి తిరగేసి చర్మం విప్పేస్తుంది, ఇటుకల కుప్ప దానికి బాగా పనికొస్తుంది. కుబుసం మెత్తగా కాస్త తడిగా ఉందంటే ఈమధ్యే విడిచింది, ఎండి పెళుసుగా ముక్కలైపోతుంటే పాతది. తల భాగం దొరికితే చూడు, కళ్ళ మీది పొర కూడా ఊడొస్తుంది, రెండు చిన్న గాజు బొట్టుల్లా ఉంటాయి. పిల్లాడికి చూపించు, తర్వాత చేతులు కడిగించు. ఏ పాముదో నువ్వూ నేనూ తేల్చలేం, కుబుసం ఎప్పుడూ పాముకన్నా పొడుగ్గానే సాగుతుంది, దాన్ని కొలిచి ఆరడుగుల నాగని వీధంతా చెప్పకు. జెర్రిపోతుదే అయ్యుండొచ్చు, దానికి విషం లేదు. కానీ నాగుది అనుకునే జాగ్రత్తపడాలి.

పాము మీకోసం రాలేదు, ఎలకల కోసం వచ్చింది. ఆ ఇటుకలూ కట్టెలూ ఈ ఆదివారమే తీయించెయ్, తీసేవాళ్ళు చేతులు పెట్టకుండా గునపంతో పైనుంచి ఒక్కొక్కటీ లాగాలి, కాళ్ళకి బూట్లుండాలి, మిట్టమధ్యాహ్నం కాకుండా వెలుతురు బాగా ఉన్న పొద్దున్నే. కట్టెలు తప్పకపోతే నేలకి జానెడు ఎత్తున చెక్క వేసి పేర్చు. దొడ్లో అన్నం మెతుకులు పారబోయడం మానెయ్. వెల్లుల్లి చుట్టూ చల్లడం, ఫినాయిలు పొయ్యడం, ఇవేవీ పనిచెయ్యవు, వాటిని నమ్ముకుని కుప్ప వదిలెయ్యడమే ప్రమాదం. రాత్రి దొడ్లోకి లైటు లేకుండా వెళ్ళొద్దు, నేలమీద పడుకుంటే దోమతెర కట్టి అంచులు పరుపు కిందకి దోపాలి, కట్లపాము రాత్రిళ్ళు ఇంట్లోకొస్తుంది. పాము కనపడితే కర్ర తియ్యకుండా దూరంగా నిలబడి అటవీశాఖ వాళ్ళకి ఫోన్ చెయ్యి, చంపడం 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం, పైగా దాన్ని చంపబోయీ పట్టబోయీ కాటు తినేవాళ్ళూ ఉంటారు. ఒకవేళ కరిస్తే కట్టు బిగించొద్దు, కొయ్యొద్దు, మంత్రాల వాళ్ళ దగ్గరికి అసలే వద్దు, కరిచిన కాలు కదపకుండా 108కి ఫోన్ చేసి తిన్నగా జిల్లా ఆసుపత్రికి. పాముని పట్టుకెళ్ళక్కర్లేదు, నాగు, కట్లపాము, రక్తపింజర, ఇసకపింజర, నాలుగింటికీ ఒకటే మందు. ఈ నాలుగు ముక్కలూ చిన్నోడికి కూడా చెప్పు, చెప్పి దొడ్లోకి పంపు, చెప్పులేసుకుని పంపు. పగటిపూట శుభ్రంగా ఉన్న దొడ్లో ఆడుకునే పిల్లాడికి వచ్చే ముప్పు కన్నా ఆ ఇటుకల కుప్పని అలాగే ఉంచి తలుపేసుకున్న ఇంటికే ఎక్కువ ముప్పు.

శివరాత్రికి మహేంద్రగిరి ఎక్కుదామని మీ ఆయన అంటారేమో, పర్లాకిమిడి వాళ్ళు చాలామంది వెళ్తారు. 1501 మీటర్ల కొండ, పైన కుంతి, భీముడు, ధర్మరాజు గుళ్ళు. జనంతో కలిసి వెళ్తే ఏ భయం లేదు. కాకపోతే ఆ తర్వాత మార్చిలో ఇప్పపూలు రాలడం మొదలైతే తెల్లవారుజామున ఆ చెట్ల కిందకి ఎలుగుబంట్లు దిగుతాయి, సవర ఆడవాళ్ళు పువ్వులు ఏరేదీ ఆ టైమ్‌లోనే, ఎదురుపడితే ప్రమాదం రెండు పక్కలా. పుట్టలు లోతుగా తవ్వేసి కనపడితే, చెట్టు బెరడు మీద నిలువునా గోళ్ళ గీతలు కనపడితే అది దాని తిరుగుడు తోవ అని తెలుసుకోండి. ఆ నెలల్లో పొద్దున్నే కొండవార వాకింగులు వద్దు.

ఎక్కడికైనా తీసుకెళ్ళాలా అని అడిగావు. అక్కర్లేదు. వెళ్ళాలనే సరదా ఉంటే చిల్కా దాకా కూడా అక్కర్లేదు, తేలినీలాపురం వెళ్ళిరండి. గుణుపురం నుంచి మీ ఊరి మీదుగా నౌపడా వెళ్ళే లైను ఉంది కదా, 1900లో మొదలైన పాత లైను, నౌపడాలో దిగి ఆటో ఎక్కితే దగ్గరే. ఊరి మధ్యలో చెట్ల మీద పెలికాన్లూ ఎర్రకాళ్ళ కొంగలూ గూళ్ళు పెడతాయి, దసరాల ముందు వచ్చి ఎండలు ముదిరేసరికి పిల్లల్ని ఎగరేసుకుని వెళ్ళిపోతాయి. ఆ ఊరోళ్ళు వాటిని పురిటికొచ్చిన ఆడపిల్లల్లా చూసుకుంటారు, అవి రాకపోతే ఊరికి మంచిది కాదంటారు. అత్తగారిని కూడా తీసుకెళ్ళు, పిట్టల శకునాల గురించి ఆ ఊరి ముసలమ్మలతో మాట్లాడుకుంటారు, నీ నోటితో నువ్వు చెప్పక్కర్లేదు. ఫిబ్రవరి దాటనివ్వకండి, పొద్దున్న రైలుకే వెళ్ళండి, గొడుగు తప్పనిసరిగా పట్టుకెళ్ళండి. ఎండకి కాదు చెల్లీ, చెట్ల కింద నిలబడి పైకి చూస్తారు కదా.